పన్నెండో వారంలో నాలుగు రోజులు

తీబొరన్
24 జనవరి 1993

డాగ్మార్‌కి,

మీ అన్నయ్య బాగానే ఉన్నాడు, నేనూ బాగానే ఉన్నాను. గాలి మాత్రం మూడు రోజులుగా తలుపు తియ్యనివ్వడం లేదు. పక్కింటి క్రెస్టెన్ వాళ్ళ కోళ్ళగూడు ఎగిరొచ్చి మా పెరట్లో పడింది. కోళ్ళకేమీ కాలేదు.

నేను ఫోన్ ఎత్తడం లేదని నువ్వు విసుక్కుంటూ ఉంటావు. తీగ పీకేశాను. అది మోగితే చాలు, హార్బర్ నుంచి పిలుపొచ్చిందని మీ అన్నయ్య హడలిపోయి బూట్ల కోసం ఇల్లంతా గాలిస్తున్నాడు. అందుకని ఇకమీదట ఉత్తరాలే. రాయడమంటే నీకు ఎటూ సరదానే కదా.

ఇక అసలు సంగతి. ఈమధ్య నాకు కాస్త అలసటగా ఉంటోంది. నవంబరులో మునిసిపాలిటీకి అర్జీ పెట్టుకున్నాను. చర్చి వెనకున్న వృద్ధాశ్రమంలో మీ అన్నయ్యని నాలుగు రోజులు చూసుకుంటామని, మంచం ఖాళీ ఉందని ఇప్పుడు జవాబొచ్చింది. ఏడాదిలో పన్నెండో వారం, గురువారం నుంచి ఆదివారం దాకా. ఆ నాలుగు రోజులూ కోపెన్‌హాగెన్ వెళ్దామనుకుంటున్నాను, ఒక్కదాన్నే. నవ్వకు. అరవై మూడేళ్ళొచ్చాయి, ఇంతవరకూ ఒక గదిలో ఒక్కదాన్నే పడుకుని ఎరగను. పుట్టింట్లో అక్కచెల్లెళ్ళం ముగ్గురికీ ఒకటే మంచం. పెళ్ళయ్యాక మీ అన్నయ్య. ఆయన పడవ మీద వెళ్తే, పల్చటి చెక్క గోడకి అవతల దగ్గుతూ మీ అమ్మ.

నాకు రెండు మూడు విషయాలు చెప్పు చాలు. పెద్ద స్టేషన్‌కి దగ్గరలో రొద లేని హోటల్ ఏది? లోపల తాటిచెట్లు పెంచే ఆ మ్యూజియం గురువారం తెరుస్తారా? మధ్యాహ్నం భోజనాల చోట ఒక్క ఆడది వెళ్ళి బల్ల దగ్గర కూర్చుంటే వింతగా చూస్తారా?

తొందరేమీ లేదు. ఈ వారంలో రాస్తే చాలు.

మీ వదిన
మారెన్


వాల్బీ, కోపెన్‌హాగెన్
28 జనవరి

నా బంగారు వదినా,

నీ ఉత్తరం చదివి కుర్చీలోంచి లేచి గెంతాను, ఈ మోకాలితో. ఇరవై ఏళ్ళుగా రమ్మని బతిమాలుతుంటే ఇప్పటికి దయ కలిగింది. హోటల్ ఏమిటి, నీ మొహం. నేనిక్కడ బతికుండగా మా అన్నయ్య లౌరిట్స్ పెళ్ళాం హోటల్లో దిగిందంటే నలుగురిలో నా తల ఎక్కడ పెట్టుకోను? ముందుగదిలో సోఫా పరుపు వేసేస్తాను. శుక్రవారం పంటి డాక్టరుగారి దగ్గర సెలవడిగేశాను, నేను లేకపోతే ఆయనకి ఎవరి పన్ను ఎవరిదో తెలీదు, అయినా ఒప్పుకున్నాడు. శనివారం మా వాళ్ళందరినీ భోజనానికి పిలిచాను. హెరింగ్ చేపలు, వేయించిన పంది మాంసం, జున్ను, పదిమందిమి. నువ్వు గిన్నె కూడా తియ్యక్కర్లేదు. ఆదివారం పొద్దున ఇద్దరం గుండ్రటి బురుజు ఎక్కుదాం.

కానీ మార్చిలో ఎవరొస్తారమ్మా ఈ ఊరికి? తివోలీ వినోదాల తోట మూసి ఉంటుంది, కాలవల మీద పడవలుండవు, ఎండ మొహం కనపడదు. మేలో రారాదూ? అప్పుడైతే అన్నయ్యని కూడా తీసుకురావచ్చు.

అదే నాకు అర్థం కాలేదు. వాణ్ణి వృద్ధాశ్రమంలో ఎందుకు పెట్టడం? క్రిస్మస్‌కి ఫోన్లో ఎంత చక్కగా మాట్లాడాడు. నా సైకిల్ సంగతి అడిగాడు, చైను వేయించావా అన్నాడు. నేనైతే మా డాక్టరుగారి దగ్గర కూడా చెప్పాను, మా వాడికి వచ్చింది మతిమరుపు, అంతకన్నా ఏమీ కాదని. నాకూ వస్తోంది అది.

ముద్దులతో
నీ డాగ్మార్


తీబొరన్
3 ఫిబ్రవరి

డాగ్మార్‌కి,

సోఫా మీద పరుపు తీసెయ్. నీకు కోపం వస్తుందని తెలుసు. స్టేషన్ వెనక వీధిలో ఒక హోటల్ దొరికింది, క్రెస్టెన్ ఇంట్లోంచి ఫోన్ చేసి ఖాయం చేసుకున్నాను. రైలు టికెట్లు కూడా. మార్చి పద్దెనిమిది గురువారం బయల్దేరి ఇరవై ఒకటి ఆదివారం వెనక్కి. పన్నెండో వారం.

మునిసిపాలిటీ వాళ్ళు తేదీ వెయ్యరు, వారం నంబరు పడేసి ఊరుకుంటారు, నీకు తెలిసిందే. వంటింట్లో ఇంకా పోయినేటి క్యాలెండరే వేలాడుతోంది. అక్టోబరు దాకా మీ అన్నయ్య రోజూ గాలి ఎటునుంచి వీచిందో దానిమీద రాశాడు. ఆ తర్వాత రాయలేదు. దాన్ని తియ్యబుద్ధి కాక కొత్తది సొరుగులో పడేశాను. పాతదాంట్లో పన్నెండో వారం గురువారం పందొమ్మిది, ఏడాదికి ఒక రోజు వెనక్కి జరుగుతుంది కాబట్టి ఈసారి పద్దెనిమిది. చూశావా, నా మతి ఇంకా బాగానే పనిచేస్తోంది.

భోజనానికి పిలిచినవాళ్ళకి నేను రానని చెప్పెయ్. వాళ్ళ మీద నాకు కోపమేమీ లేదు. నీ మీదా లేదు. ఆ నాలుగు రోజులు ఎవరూ నాతో మాట్లాడకూడదు, ఎవరూ ఏదీ అడగకూడదు, అంతే. నీతో మాట్లాడాలన్నా నోరు తెరవాలి కదా.

క్రిస్మస్ రోజు మీ అన్నయ్యకి మంచి రోజు. అలాంటివి వస్తుంటాయి.

మారెన్


వాల్బీ
9 ఫిబ్రవరి

మారెన్,

ఈసారి బంగారు వదినా అని రాయలేకపోతున్నాను, క్షమించు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. పదిమందికి ఫోన్ చేసి రానందని చెప్పాను, ఒక్కొక్కరూ ఎందుకని అడిగితే ఫ్లూ అన్నాను. మార్చిలో రాబోయే ఫ్లూ ఫిబ్రవరిలోనే ఎలా తెలిసిందని మా పిన్ని కొడుకు వెక్కిరించాడు.

అరవై దాటిన ఆడది, మొగుడికి బాగోలేనప్పుడు, ఆడపడుచు ఇల్లు పది నిమిషాల దూరంలో పెట్టుకుని, స్టేషన్ వెనక వీధిలో హోటల్ తీసుకుందంటే నేనేమనుకోవాలి? ఆ వీధి ఎలాంటిదో నీకు తెలుసో లేదో. మొహమాటం లేకుండా అడుగుతున్నాను, ఎవర్ని కలవబోతున్నావు? ఎవరైనా ఉంటే ఉన్నారని చెప్పు. లేకపోతే ఇదంతా ఎందుకు?

ఇంకొకటి కూడా విన్నాను. డాక్టరుగారి దగ్గరికి వచ్చే ఒకావిడ చెప్పింది, ఈ నాలుగు రోజుల మంచాలన్నీ మొదటి మెట్టేనట, అలవాటు చేసి తర్వాత అక్కడే వదిలేస్తారట. నాటకానికి వెళ్ళినప్పుడు కోటు తీసి లోపల కొక్కేనికి తగిలించినట్టు మా అన్నయ్యని అక్కడ తగిలించి పోతావా? మా వాడు చలికాలం సముద్రం మీద వేళ్ళు పోగొట్టుకుని నిన్ను పోషించాడు.

నేనే వచ్చి చూద్దును. ఈ మోకాలు, ఈ ఉద్యోగం. వేసవిలో వస్తాను.

డాగ్మార్


తీబొరన్
16 ఫిబ్రవరి

డాగ్మార్,

వేసవిలో వస్తానంటావు. పోయిన వేసవిలోనూ ఇదే రాశావు, ఆ ముందు వేసవిలోనూ. నువ్వీ గుమ్మం తొక్కి రెండేళ్ళ నాలుగు నెలలయింది. నీ మోకాలు నాటకాలకి వెళ్ళగలదు, ఇక్కడికి రాలేదు. నీకు భయం. ఆ సంగతి నాకు తెలుసు కాబట్టి ఇన్నాళ్ళూ ఏమీ అనలేదు.

ఎవర్ని కలుస్తానని అడిగావు. మంచాన్ని కలుస్తాను. తలుపు గడియని కలుస్తాను.

క్రిస్మస్ ఫోన్ సంగతి చెప్తాను విను. డాగ్మార్, సైకిల్, చైను అని కాగితం మీద పెద్దక్షరాలతో రాసి ఆయన ముందు పట్టుకుని నిలబడ్డాను. పండగ పూట నీ మనసు కష్టపెట్టడం ఎందుకని. ఫోన్ పెట్టేశాక నావైపు తిరిగి “ఎవరావిడ, మంచిదానిలా ఉంది” అన్నాడు. ఇది నీకు చెప్పకూడదనుకున్నాను. నువ్వే చెప్పించావు.

ఆయన మూడింటికీ నాలుగింటికీ లేచి పడవ ఎప్పుడు బయల్దేరుతుందని అడుగుతాడు. పడవ అమ్మేసి ఆరేళ్ళయిందని మొదట్లో చెప్పేదాన్ని. ఇప్పుడు గాలి ఎక్కువగా ఉంది, రేపు అంటాను. పది నిమిషాలకి మళ్ళీ అడుగుతాడు. నేను స్నానాలగదిలో ఉంటే తలుపవతల నిలబడి తడుతూనే ఉంటాడు. వెన్న తీసుకెళ్ళి బట్టల సొరుగులో పెడతాడు. జనవరిలో నన్ను దొంగనుకుని చెయ్యి మెలిపెట్టాడు, మణికట్టు ఎముక చిట్లింది. మంచు మీద జారానని డాక్టరుకి చెప్పాను. కుడిచెయ్యి కాబట్టే నా అక్షరాలు ఇలా వంకర్లు పోతున్నాయి, చూసే ఉంటావు.

ఇంకొక్కటి రాస్తాను, ఆ తర్వాత నువ్వేమైనా అనుకో. మొన్న ఆయన పెరట్లోకి వెళ్ళాడు. నేను లోపలినుంచి గడియ వేసుకున్నాను. బయట మంచు పడుతోంది, ఆయన ఒంటి మీద చొక్కా ఒక్కటే. ఆయన తలుపు తడుతుంటే నేను వంటింట్లో నిలబడి రొట్టె ముక్క తిన్నాను. మొత్తం తిన్నాను, నిదానంగా. అప్పుడు వెళ్ళి తీశాను. నన్ను చూసి సంతోషపడ్డాడు.

అందుకే ఆ నాలుగు రోజులు కావాలి. నాకు వినోదం కాదు డాగ్మార్. అవి లేకపోతే ఇంకోసారి ఆ తలుపు తీస్తానో లేదో నాకే నమ్మకం లేదు.

హోటల్ పేరూ ఫోన్ నంబరూ ఈ కాగితం వెనక రాశాను. ఇల్లు తగలబడితే తప్ప చెయ్యకు.

మారెన్


తీబొరన్
6 మార్చి

డాగ్మార్,

మూడు వారాలు కావస్తోంది, నీ దగ్గర్నుంచి జవాబు లేదు. క్రెస్టెన్ పోస్టు తెచ్చినప్పుడల్లా చూస్తున్నాను. కోపం ఉంటే ఇరవై ఒకటో తారీకు తర్వాత తిట్టు, అప్పుడు తీరిగ్గా పడతాను.

ఎవరికైనా చెప్పుకోవాలనిపించి రాస్తున్నాను. పెట్టె సర్దాను. ఆయన విప్పేస్తాడని క్రెస్టెన్ వాళ్ళ గడ్డికొట్టంలో దాచాను. గురువారం సాయంత్రం గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుని పడుకుంటాను, మళ్ళీ శుక్రవారం ఎప్పుడు తెలివొస్తే అప్పుడు లేస్తాను. కిందకి వెళ్తే ఎవరో కాఫీ పోస్తారు. తర్వాత తాటిచెట్ల కింద కూర్చుంటాను, లోపల వెచ్చగా ఉంటుందట. బొమ్మలు చూసినా చూడకపోయినా సరే. శనివారం ఒక రొట్టె మీద రొయ్యలూ ఇంకో రొట్టె మీద కాలేయం ముద్దా తెప్పించుకుని, కిటికీ పక్క బల్ల దగ్గర తింటాను. ఎవరైనా వింతగా చూస్తే చూడనీ. ఆదివారం గురించి ఆలోచించడం లేదు.

ఇంకా పన్నెండు రోజులు. ఆయన అడిగినప్పుడల్లా లోపల లెక్క పెట్టుకుంటున్నాను. ఇవాళ నూట పద్నాలుగు సార్లు అడిగాడు. పిచ్చిదాన్నయిపోతున్నానేమో, లెక్కపెట్టేవాళ్ళు పిచ్చివాళ్ళే.

ఒక్క ముక్క రాయి.

మారెన్


వాల్బీ
10 మార్చి

మారెన్,

ఏం రాయాలో తెలీక ఊరుకున్నాను. ఎవరావిడ అన్నాడన్న మాట నాకు చెప్పకుండా ఉండాల్సింది. ఆ ఒక్కటీ నీ దగ్గర ఉంచుకుంటే నీకేం పోయింది? పదహారేళ్ళు వచ్చేదాకా నా జడలు వేసింది మా అన్నయ్య.

నువ్వు చెప్పినంత ఘోరంగా ఉంటే మునిసిపాలిటీ వాళ్ళు ఇంతకుముందే చూసేవాళ్ళు కాదా? నువ్వే మొదటి ఉత్తరంలో కాస్త అలసట అన్నావు. కాస్త అలసట ఎక్కడ, ఇదంతా ఎక్కడ? ఏది నమ్మను?

నీ ఇష్టం వచ్చినట్టు వెళ్ళు. స్టేషన్‌కి రాను, హోటల్‌కి ఫోన్ చెయ్యను. నువ్వు కోరుకున్నది అదే కదా.

డాగ్మార్


రైలుని దాటించే ఓడ మీద, న్యూబోర్ రేవు దాటాక
18 మార్చి, గురువారం

డాగ్మార్,

ఒక పని చేశాను. కోర్సర్ రేవులో దిగగానే ఇది పోస్టు చేస్తాను. రేపు నీకు అందేసరికి అందరికీ తెలిసే ఉంటుంది.

పొద్దున తొమ్మిదింటికి మీ అన్నయ్యకి ఆదివారం కోటు తొడిగి ఆశ్రమానికి తీసుకెళ్ళాను. ఆయన చెయ్యి ఒకవైపు, పెట్టె ఒకవైపు. పెద్ద నర్సు పుస్తకం తిరగేసింది. మళ్ళీ తిరగేసింది. “మీది వచ్చే వారమమ్మా. ఇవాళ పదకొండో వారం” అంది. నేను నవ్వాను. చేతివేళ్ళ మీద లెక్క చెప్పాను ఆవిడకి, పోయినేడు పందొమ్మిది, ఈయేడు పద్దెనిమిది అని. ఆవిడ మంచిదే, విసుక్కోలేదు. “పోయినేడాదికి యాభై మూడు వారాలమ్మా. అయిదారేళ్ళకోసారి అలా ఒకటి ఎక్కువ వస్తుంది” అంది.

యాభై మూడు. నా వంటింట్లో గోడమీదే ఉండుంటుంది డిసెంబరు చివర్న. అక్టోబరు తర్వాతి కాగితాలు నేను తిప్పనే లేదు.

ఇవాళ మంచాలన్నీ నిండి ఉన్నాయి, వచ్చే గురువారం తప్పకుండా మీకు ఉంచుతాం, ఏడు రోజులే కదా అంది. ఏడు రోజులే. నేను అలాగే అన్నాను. ఏడవలేదు, గొడవ పెట్టలేదు. ఇంటికెళ్ళేలోపు ఈయనకి ఒక కప్పు కాఫీ ఇప్పిస్తారా అని అడిగాను. అందరూ కూర్చునే గదిలో కిటికీ పక్క కూర్చోబెట్టారు, కేకు ముక్క కూడా ఇచ్చారు. బాత్రూముకి వెళ్ళొస్తానని చెప్పాను. వంటగది పక్క తలుపులోంచి బయటికి నడిచాను. చిన్న రైలుకి ఇంకా పన్నెండు నిమిషాలుంది. ప్లాట్‌ఫారం మీద పన్నెండు నిమిషాలూ నిలబడ్డాను. అంటే వెనక్కి వెళ్ళడానికి నాకు టైముంది, అది నువ్వు తెలుసుకోవాలి. పొరపాటున చేసింది కాదు.

ఇప్పుడు ఓడ మీద కాఫీ తాగుతున్నాను. ఆయన కేకు తినేసి ఉంటాడు, నాకోసం చూస్తూ ఉంటాడు. వెనక్కి వెళ్ళాలన్న కోరిక పుడుతుందేమోనని కూర్చుని ఎదురుచూస్తున్నాను. పుట్టడం లేదు.

నన్ను తిట్టదలుచుకుంటే నంబరు నీ దగ్గరుంది. ఇల్లు తగలబడింది.

మారెన్


తీబొరన్, మీ వంటింట్లోంచి
19 మార్చి, శుక్రవారం పొద్దున

మారెన్ వదినా,

ఇది ఎక్స్‌ప్రెస్‌లో పంపిస్తున్నాను, క్రెస్టెన్ పోస్టాఫీసుకి తీసుకెళ్తానని గుమ్మంలో నిలబడ్డాడు. అన్నయ్య నా పక్కనే ఉన్నాడు. ఒంట్లో బాగానే ఉంది. మొట్టమొదట అది చెప్పాలి నీకు.

నిన్న పదకొండింటికి ఆశ్రమం నుంచి పనిచోటికి ఫోన్ వచ్చింది, కాగితాల్లో నీ తర్వాత నా పేరే ఉందట. మీ వదినగారు బాత్రూముకని వెళ్ళి గంటైంది అన్నారు. వచ్చే వారం రావాల్సింది ఈ వారం వచ్చారు, మంచం లేదు అన్నారు. నా బల్ల మీద పెద్ద క్యాలెండరుంది మారెన్. రోజంతా దాంట్లో జనాన్ని రాయడమే నా ఉద్యోగం, తొమ్మిదో వారం, పధ్నాలుగో వారం అంటూ. పద్దెనిమిదో తారీకు పక్కన పదకొండు అని అచ్చేసి ఉంది. నీ ఉత్తరంలో తేదీ, వారం నంబరు రెండూ రాశావు, నేను మూడుసార్లు చదివాను. అందులో ఎవడో మగవాడు దాక్కున్నాడేమోనని వెతికాను కానీ తప్పు చూడలేదు. ఒక్క ముక్క రాసుంటే సరిపోయేది.

తర్వాతి రైలుకి వచ్చేశాను. సాయంత్రం ఏడవుతుంటే దిగాను. అప్పటికే క్రెస్టెన్ వెళ్ళి వాణ్ణి తెచ్చి తన ఇంట్లో కూర్చోబెట్టాడు. నన్ను చూసి లేచి నిలబడి, చెయ్యి కలిపి, దూరం నుంచి వచ్చారా అన్నాడు. నువ్వు ముందే చెప్పడం మంచిదైంది. చెప్పకపోతే నేనక్కడే పడిపోయేదాన్ని.

మారెన్ ఏదీ అన్నాడు. కోపెన్‌హాగెన్ వెళ్ళిందన్నాను. ఏడ్చాడు. పది నిమిషాలకి మళ్ళీ అడిగాడు, మళ్ళీ చెప్పాను, మళ్ళీ అప్పుడే విన్నట్టు ఏడ్చాడు. అబద్ధం చెప్పకూడదని మా అమ్మ నేర్పిన బుద్ధి, పద్నాలుగుసార్లు నిజమే చెప్పాను. పద్నాలుగుసార్లు మా అన్నయ్యని ఏడిపించాను. ఏం చెప్పాలో నాకు తెలీదు. నువ్వు ఏం చెప్తావు?

ఆ తర్వాత రాత్రంతా జరిగింది రాయను, నీకు తెలుసు. తెల్లారేసరికి క్రెస్టెన్ ఇంటికి పరిగెత్తాను, నీ హోటల్‌కి ఫోన్ చేద్దామని. నిజం చెప్తున్నాను, నిన్ను నోటికొచ్చినట్టు తిట్టి, మొదటి రైలెక్కి రమ్మని అరుద్దామనే వెళ్ళాను. నంబరు సగం తిప్పాను. నేనొచ్చి పన్నెండు గంటలైంది. నీకు రెండేళ్ళ నాలుగు నెలలు. ఫోన్ పెట్టేసి వచ్చి ఈ కాగితం తీసుకున్నాను.

మన వైపు వాళ్ళు కాస్త అలసటగా ఉందంటే ఇల్లు కూలిపోతోందని అర్థం. నేనూ ఇక్కడే పుట్టాను, ఆ భాష నాది. నలభై ఏళ్ళు రాజధానిలో ఉండి మర్చిపోయాను. నువ్వు కాస్త అన్న రోజే నేను రైలెక్కాల్సింది.

ఇప్పుడు విను. ఆదివారం రావద్దు. డాక్టరుగారికి చెప్పేశాను, ఎవరి పన్ను ఎవరిదో ఆయనే చూసుకుంటాడు. ఆశ్రమంలో నర్సుతో మాట్లాడాను, వచ్చే గురువారం మంచం అలాగే ఉంది, ఎవరూ నీమీద ఎక్కడా ఏమీ రాయలేదు. హోటల్ ఆదివారం దాకానే కాబట్టి ఆ తర్వాత నా ఇంటికి వెళ్ళు. తాళంచెవి పై అంతస్తు ముసలావిడ దగ్గరుంది, చెవుడు, నిన్నేమీ అడగదు. సోఫా మీద కాదు, నా మంచం మీద పడుకో. ఇంట్లో ఎవరూ లేరు. ఒక్కదానివే.

తొందరగా జవాబు మాత్రం రాయి. పళ్ళసెట్టు ఎక్కడ పెడతాడు? నీళ్ళు పోసుకోమంటే కొడుతున్నాడు, నువ్వెలా ఒప్పిస్తావు? వదినా, నువ్వు తిరిగి వస్తావు కదా? నేను అడిగేది దానికే. బుధవారం అయినా సరే, గురువారం అయినా సరే. వస్తావు కదా?

డాగ్మార్


వాల్బీ, నీ వంటింట్లోంచి
22 మార్చి, సోమవారం

డాగ్మార్,

పళ్ళసెట్టు ఆయన కుడి బూటులో ఉంటుంది. స్నానం చెయ్యమనకు, పడవ మీంచి వచ్చారు, ఉప్పు కడుక్కోండి అను, ఆయనే వస్తాడు. మారెన్ ఏదీ అంటే కొట్టుకెళ్ళింది, ఇప్పుడే వస్తుంది అను. పది నిమిషాలు పనిచేస్తుంది. మళ్ళీ అడిగితే మళ్ళీ అదే. అది అబద్ధమని బాధపడకు, ఆయనకి అందే మంచిమాట అదొక్కటే.

నీ ఉత్తరం శనివారం పొద్దున ఇచ్చారు. అప్పటిదాకా హోటల్ గదిలో కోటు విప్పకుండా మంచం అంచున కూర్చున్నాను. గురువారం రాత్రీ శుక్రవారమంతా అంతే. మెట్ల మీద ఎవరు ఎక్కినా పోలీసులే అనుకున్నాను. కాఫీకి కిందకి వెళ్ళలేదు, తాటిచెట్లు చూడలేదు. నీ ఉత్తరం చదివాక కోటు విప్పి పడుకున్నాను. ఆదివారం పదింటికి గది ఊడవడానికి వచ్చిన అమ్మాయి లేపింది. ఆ అమ్మాయి నాకు కాఫీ పైకే తెచ్చింది.

రొయ్యల రొట్టె తిన్నాను. నిన్న, కిటికీ పక్కనే. ఎవరూ వింతగా చూడలేదు. “ఒక్కరేనా” అని అడిగాడు వడ్డించేవాడు. అవునన్నాను. తినడం సగంలో ఆపి అక్కడే కూర్చుండిపోయాను. ఒక్కదాన్నే ఉండటానికి ఇంత దూరం, ఇంత పాపం మూటగట్టుకుని వచ్చాను. రెండేళ్ళుగా నేను ఉంటున్నది ఒక్కదాన్నే కదా. ఆయన పక్కనే ఉండి తలుపు తడుతున్నా ఒక్కదాన్నే. నాకు కావాల్సింది ఏమిటో కూడా నాకు సరిగా తెలీలేదు.

నువ్వు అడిగినదానికి నిజం చెప్తాను. ఆయన మీద బెంగ పెట్టుకుంటానేమోనని చూశాను. నాలుగు రోజులూ చూశాను. పుట్టలేదు. నువ్వు పద్నాలుగుసార్లు ఏడ్చాడని రాసిన చోట చదివి కూడా నాకు కన్నీళ్ళు రాలేదు, నీమీద జాలేసింది. ముందుముందు బెంగ తిరిగొస్తుందేమో, రాకపోవచ్చు. ఈ మాట భూమ్మీద ఇంకెవరికీ చెప్పలేను.

అయినా వస్తాను. బుధవారం నాలుగు నలభైకి చిన్న రైలు దిగుతాను. గురువారం పొద్దున ఆయన్ని మనిద్దరం కలిసి ఆశ్రమానికి తీసుకెళ్దాం, ఈసారి నర్సు ముందు నిలబడి చెప్పే వస్తాను.

ఆ తర్వాత నువ్వు వెంటనే రైలెక్కెయ్యకు. ఇంట్లో నాలుగు రోజులు ఆయన ఉండడు. నీ మోకాలు, నీ ఉద్యోగం నాకు తెలుసు. నేను ఇంతవరకూ ఎవర్నీ ఏదీ అడిగి ఎరగను, అందుకని ఎలా అడగాలో సరిగ్గా రాదు. ఉండు డాగ్మార్. ఆదివారం దాకా నాతో ఉండు.

నీ మారెన్